ఇంజన్లోకి దిగిన దండెం

నేను ఒక తాడుముక్కను. తాడు అనగానే కొందరికి పాము గుర్తొస్తుంది, కొందరికి వేదాంతం గుర్తొస్తుంది, ఇంకొందరికి తాడూ బొంగరం లేని మేనల్లుడెవరో గుర్తొస్తాడు. నా దగ్గర వేదాంతమేమీ లేదు. నీలం రంగు నైలాను దారాలను పాయలుగా పెనవేస్తే పుట్టాను. కట్టడానికీ, లాగడానికీ, వేలాడదీయడానికీ మనుషులు నన్ను వాడుకున్నారు. వాళ్ళను దగ్గర్నుంచి చూడాలంటే ఇంతకన్నా మంచి ఉద్యోగం లేదు. నోటితో ఎన్ని కబుర్లయినా చెప్పొచ్చు గానీ, ముడి వేసే చెయ్యి మాత్రం అబద్ధం ఆడలేదు.

నన్ను మొదట కొన్నవాడు భీమిలి రేవులో ఎల్లాజీ. పడవ మనిషి. నన్ను వల అంచుకు కట్టి సముద్రంలో వేశాడు. మిల్లులోంచి వచ్చేటప్పుడు నాకు కాస్త బిరుసుండేది, పొగరు అన్నా తప్పులేదు. ఉప్పునీళ్ళు ఆ పొగరంతా తీసేసి, ఎటు వంచితే అటు వంగేలా తయారుచేశాయి. వల పాతబడ్డాక ఎల్లాజీ పెళ్ళాం పోలమ్మ నన్ను విప్పి, చేపల తట్ట మీద మూతకు కట్టుకుంది. ఆ తట్టతోనే బస్సెక్కి శృంగవరపుకోట సంతకు వచ్చాను.

సంతలో పోలమ్మకు ఎదురుపడింది గౌరీశ్వరి. ఆమె పుట్టింటివాళ్ళు గానుగ ఆడించి నువ్వుల నూనె అమ్మినవాళ్ళు. ఆ ఇంట్లో కొలిచి పోయడం ఒక ఎత్తు, కొలిచాక పైన కొసరు పోయడం ఇంకో ఎత్తు. కొసరు ఇవ్వకపోయినా పాపమే, అడక్కపోయినా పాపమే. ఆవిడ చేపలు కొనుక్కుని, "కొసరేదీ?" అని నిలబడింది.

"సేపలన్నీ అయిపోనాయమ్మా, ఏటియ్యను కొసరు? ఇదిగో, ఈ తాడట్టుకెల్లు," అని పోలమ్మ విసుగ్గా నన్ను విప్పి ఆమె సంచిలో పడేసింది.

అలా నా బతుకు కొసరుగా ఆ ఇంటికి చేరింది. గౌరీశ్వరి నన్ను గోడకున్న కొక్కేనికీ, పెరట్లో మునగచెట్టుకూ మధ్య బిగించి కట్టింది. ముడి గట్టిగా, సడలకుండా ఉంది. తొందరపడే మనిషి కాదని అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి నేను బట్టలారేసుకునే దండెం. నా కిందనే వాళ్ళ వాన్ ఆగి ఉండేది.

దాని గురించి చెప్పాలి. పాత పెట్రోలు వాన్. ఇంజను ఎక్కడో ముందుండదు, డ్రైవరు సీటు కింద దాక్కుని ఉంటుంది. వెనక ఎదురెదురు సీట్లు. రోజూ పొద్దున్నే శృంగవరపుకోటలో టీచర్లను ఎక్కించుకుని, ఘాట్ రోడ్డెక్కి, అనంతగిరి వైపు కొండ ఊళ్ళలో ఒక్కొక్కరినీ వాళ్ళ బడి దగ్గర దింపి, సాయంత్రం మళ్ళీ ఏరుకొస్తుంది. ఆ బండిని ఏళ్ళ తరబడి నడిపినవాడు గౌరీశ్వరి మొగుడు పారినాయుడు. ఆమెకు మేనబావ. వినాయక చవితి పందిరికి వెదుళ్ళు దింపబోయి నడుము పట్టేసి మంచాన పడ్డాడు. ఎముకల డాక్టరు, "మళ్ళీ లేచి తిరుగుతావు. కానీ వంగొద్దు, బరువెత్తొద్దు, డ్రైవింగు మాట మరిచిపో," అన్నాడట.

ఎప్పుడో కొత్త పెళ్ళప్పుడు సరదాకి హైస్కూలు గ్రౌండులో పెళ్ళానికి డ్రైవింగు నేర్పి, లైసెన్సూ తీయించాడు. ఆ సరదా ఇప్పుడు కూడు పెట్టింది. గౌరీశ్వరి బండి తాళాలు అందుకుంది. ఆవిడ బీడీ కాల్చదు, ఊరికే హారను కొట్టదు, చెప్పిన వేళకు వస్తుంది. ఇన్ని లోపాలున్న డ్రైవరుకు అలవాటు పడటానికి టీచర్లకు కొంతకాలం పట్టింది. పడ్డాక మాత్రం వదల్లేదు. సాయంత్రం బండి ఆపి దిగినప్పుడు ఆమె నా మీద నుంచి బట్టలు తీసే తీరే మారిపోయింది. ఇంతకుముందు లాగేది, ఇప్పుడు ఏదో పాడుకుంటూ ఒక్కొక్కటీ తీసేది. నాకు ఆమె అంటే గౌరవం అక్కడ మొదలైంది.

ఇంతలో పొగ మొదలైంది.

పొద్దున్నే బండి స్టార్టు చేయగానే సైలెన్సరులోంచి నీలంగా, చిక్కగా ఒక మబ్బు లేచి తిన్నగా నా మీదికి వచ్చేది. నా మీద ఆరేసిన పంచెలకూ దుప్పట్లకూ మాడిన ఆయిలు వాసన పట్టేది. బండిలో ఆయిలు తరచూ తగ్గిపోతోంది. కింద చూస్తే ఒక్క చుక్క కారడం లేదు. కారని ఆయిలు తగ్గిపోతోందంటే ఇంజనే దాన్ని తాగి, కాల్చి, పొగచేసి వదులుతోందన్నమాట.

ఒక సాయంత్రం విశాలాక్షి టీచరు మా ఇంటి దగ్గరే బండి దిగుతూ ఆగింది. టీచర్లందరి తరఫునా మాట్లాడేది ఆవిడే.

"గౌరీ, ఏమనుకోకు. మా చీరలన్నీ మెకానిక్ షెడ్డు వాసనొస్తున్నాయి. దసరా సెలవులయ్యాక వేరే వాన్ మాట్లాడుకుందామంటున్నారు వీళ్ళు. నాకు నీ బండే ఇష్టం. నేనొక్కదాన్నీ ఏం చేయను చెప్పు?"

"బాగు సేయిస్తాన్లెండి మేడమ్," అంది గౌరీశ్వరి. ఎలా చేయించాలో ఆమెకు తెలియదు.

వరండాలో మంచం మీద నుంచి పారినాయుడు తీర్పు చెప్పేశాడు. "ఏటి బాగుసేత్తావే? పిస్టను రింగులు అరిగిపోనాయి. ఇంజను మొత్తం దింపాల, బోరు సెయ్యాల. అంత సత్తా దానికీ నేదు, మనకీ నేదు. దాలినాయుడికి కబురెట్టినాను. ఆదివారం ఒస్తాడు."

దాలినాయుడు కొత్తవలస మనిషి. పాత బండ్లు కొని, విప్పి, ముక్కలుగా అమ్ముకుంటాడు. ఆ పేరు వినగానే గౌరీశ్వరి ఉతికిన దుప్పటి నా మీద వేస్తూ వేస్తూ ఆగిపోయింది. తడి దుప్పటి బరువంతా నా మీదే ఉంది.

"ఆయిలెంత పోస్తన్నావే?" అని అడిగాడు పారినాయుడు.

"ఆయిలు కొలిసే పుల్ల మీద గీత దాకా."

"గీత దాకానే?"

"గీత దాకా పోసి... ఆ పైన కూసింత కొసరు."

పారినాయుడు నవ్వబోయి నడుము పట్టేసి ఆగిపోయాడు. ఆ తరువాత కోపమొచ్చింది. "ఓలమ్మ! అదేటి మీ నాయిన గానుగలో నువ్వుల నూనేటే, కొసరు పొయ్యడానికి? గీత దాటితే ఇంజను లోపలంతా తిరగబడి నురగైపోతాది. ఇంజనుని నువ్వే ముంచీసినావు."

గౌరీశ్వరి మర్నాడు ఇంజను కింది బిరడా వదులు చేసి ఎక్కువైన ఆయిలు తీసేసింది. గీతకు సరిపెట్టింది. తన చేతి వాడుకే తన బండిని తినేసిందేమోనని ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. తుడుచుకోవడానికి నా మీద ఉన్న తువ్వాలే తీసుకుంది.

తరువాతి పొద్దున బండి స్టార్టు చేసింది. పొగ పలచబడింది గానీ పోలేదు. మునుపటిలాగే నీలంగా నా దాకా వచ్చింది. గౌరీశ్వరి దిగి చూసి గట్టిగా నవ్వేసింది. సొంత బండి పొగ కక్కుతుంటే సంతోషించిన మనిషిని లోకంలో ఆమె ఒక్కదాన్నే చూశాను.

"బావా, సూడు! ఇంకా ఒస్తంది. అంతా నా కొసరు వల్ల కాదు!"

పారినాయుడు చూశాడు. ఇక్కడొక చిత్రముంది. ఇన్నేళ్ళూ ఆయన బండి ముందు భాగంలో కూర్చున్నాడు. పొగ వెనక నుంచి పోతుంది. ఊరంతా చూసే తన బండి పొగను డ్రైవరు ఒక్కడే చూడడు. ఇప్పుడు మంచం మీద నుంచి మొదటిసారి తీరిగ్గా చూశాడు. గుప్పున లేచిన పొగ, గౌరీశ్వరి ముఖం కడుక్కుని వచ్చేసరికల్లా సన్నగిల్లి ఆగిపోయింది. తరువాత బండి ఎంతసేపు ఆడినా పొగ జాడ లేదు.

ఆయన చేతికర్ర వెతుక్కుని మెల్లగా లేచాడు. నా దగ్గరికి వచ్చి ఆసరాకు నన్ను పట్టుకున్నాడు.

"ఘాటు దిగినపుడు ఎలాగుంటాది?"

"దిగినంతసేపూ ఏటీ ఉండదు. కిందకొచ్చి యాక్సిలేటరు తొక్కితే అద్దంలో ఒక్కసారి నీలంగా కనబడతాది. మళ్ళీ ఉండదు."

ఆయన నన్ను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. ఏదో తెలిసిన మనిషి పట్టు అది. కానీ బయటికి, "ఏటైతే ఏటి, ముసిలి ఇంజను," అని గొణిగి మంచం వైపు వెళ్ళిపోయాడు.

గౌరీశ్వరి ఊరుకోలేదు. తెలిసిన షెడ్డుకు వెళ్ళి, సిలిండరులో ఒత్తిడి కొలిచే గేజీ అడిగి తెచ్చింది. రింగులు పోయాయా లేదా ఇంట్లోనే తేల్చుకోవచ్చని షెడ్డువాళ్ళు చెప్పారట. ఆ పద్ధతి చాలా తేలిక. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో గేజీ పెట్టి ఇంజను తిప్పితే సూది ఒక అంకె చూపిస్తుంది. తరువాత అదే రంధ్రంలో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ తిప్పాలి. రింగులు అరిగిపోయి ఉంటే ఆ ఆయిలు సందులు పూడ్చి, సూది ఒక్కసారి పైకి ఎగురుతుంది. రింగులు బాగుంటే ఉన్నచోటనే ఉంటుంది.

ఆవిడ సీటెత్తి ఒక్కొక్క ప్లగ్గూ విప్పింది. వాటి మూతుల మీద నల్లని జిగురు గట్టిగా పేరుకుని ఉంది. పారినాయుడు ఎత్తు కుర్చీ వేయించుకుని వాన్ తలుపు పక్కన కూర్చున్నాడు. చూడకుండా ఉండలేకపోయాడు. ఆయిలు పోయక ముందు సూది ఎక్కడుందో, పోశాక కూడా దాదాపు అక్కడే ఉంది. అన్ని సిలిండర్లకూ అంతే.

"బావా, సూది ఎగరనేదు. మరి రింగులు కావుగదా?"

ఆయన సూది వైపే చూస్తూ చెప్పాడు. "రింగులు కావు. సీళ్ళు. వాల్వు కాడలకి రబ్బరు టోపీలుంటాయి, ఆయిలు లోపలికి జారకండా. అవి ఎండిపోనాయి. బండాగినపుడు ఆయిలు బొట్టుబొట్టుగా కిందకి దిగుతాది, పొద్దున్న స్టార్టు సేస్తే అదంతా కాలతాది. ఘాటు దిగినపుడు కాలు తీసేస్తావు గదా, అపుడు ఇంజను లోపలికి పీల్చుకుంటాది. కిందకొచ్చి తొక్కితే గుప్పుమంటాది. ఇంజను బంగారంలాగున్నాది."

"నీకెప్పుడు తెలిసినాది?"

"మొన్న. నువ్వు ఘాటు మాట సెప్పినపుడు."

"మరి సెప్పలేదేటి?"

ఆయన తల దించుకున్నాడు. "సెప్తే బండుంటాది. బండుంటే నాను రోజూ సూడాల. నువ్వు తాళాలట్టుకుని ఎల్తుంటే, మంచమ్మీద కూకుని సూడాల. ఇంజను పోనాదంటే జనం బండికోసం బాధపడతారు. నా నడుం పోనాదంటే నాకోసం బాధపడతారు. అది నాను పడలేను గౌరీ."

గౌరీశ్వరి చేతిలో గేజీ పక్కన పెట్టింది. "మరి నా మాట ఇను. ఇంట్లో గౌరీ నీళ్ళు, గౌరీ మందులు, గౌరీ కూర. పొద్దల్లా ఎవులో ఒకరు పిలుస్తానే ఉంటారు. ఆ కొండమీద మలుపు తిప్పినపుడు నన్నెవులూ పిలవరు బావా. ఆ కాసేపూ నాను నాలాగుంటాను. దాన్ని ఆ దాలినాయుడికిచ్చి ముక్కలు సేయించకు."

పారినాయుడు కళ్ళు తుడుచుకోలేదు. నా వైపు చూసి, "ఆ దండెం తాడు విప్పు," అన్నాడు.

నన్నెందుకో నాకూ అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. వాల్వును పైన స్ప్రింగూ, గోరంత లాకులూ పట్టుకుని ఉంటాయి. లాకులు తీస్తే వాల్వు జారి సిలిండరులో పడుతుంది. పడితే ఇంజను తల విప్పక తప్పదు. అది ఇంట్లో అయ్యే పని కాదు. కానీ ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తని తాడు లోపలికి కూరి, పిస్టను పైకి తెస్తే, తాడు ఉండకట్టి వాల్వును కింద నుంచి ఎత్తి పట్టుకుంటుంది. ఎప్పుడో లారీ మీద పనిచేసే రోజుల్లో రోడ్డు పక్కన ఒక మేస్త్రి చేస్తుంటే చూశాడట. చూసినది మరిచిపోలేదు. మెత్తని తాడే కావాలట. సముద్రం నా పొగరు తీసినందుకు ఆ రోజు గర్వపడ్డాను.

ఆ శనివారం బడులకు సెలవు. పొద్దున ఎండ పెరట్లోకి వచ్చాక పని మొదలైంది. బండి చల్లగా ఉంది. గౌరీశ్వరి నన్ను సబ్బుతో ఉతికి ఆరబెట్టి, ప్లగ్గు రంధ్రంలోంచి కొంచెం కొంచెంగా లోపలికి దింపింది. వల అంచున సముద్రం అడుగుదాకా వెళ్ళినదాన్ని, ఇంత చీకటి ఎక్కడా చూడలేదు. మసి వాసన, ఆయిలు జిడ్డు. నా కొస మాత్రం బయట పారినాయుడి చేతిలో ఉంది.

"తిప్పు," అన్నాడు. ఆవిడ పెద్ద పానాతో ఇంజనును మెల్లగా తిప్పింది. కింద నుంచి పిస్టను లేచింది. నన్ను పైకి తోసింది, మడతలు పెట్టింది, నలిపింది. నాలోని ప్రతి పాయా బిగుసుకుంది. ఆ బిగువు నా గుండా ఆయన వేళ్ళకు చేరింది.

"ఆగు. అట్టుకున్నాది."

నడుము వంగని మనిషి, ఇంజను తెలియని మనిషి. ఇద్దరి మధ్యా నేనే ఉన్నాను. ఆవిడ ఎంత తిప్పాలో ఆయన చెయ్యి నా ద్వారా తెలుసుకునేది, ఆయన వంగి చేయలేనిది ఆవిడ వంగి చేసేది. మనుషులను నేను చాలా ఎగతాళి చేశాను. ఆ పూట మాత్రం వాళ్ళను చూసి ముచ్చటపడ్డాను.

స్ప్రింగు నొక్కి లాకులు తీసే దగ్గర ఒక లాకు టప్పున ఎగిరిపోయింది. గౌరీశ్వరి ముందే రంధ్రాలన్నిటిలో గుడ్డలు కుక్కింది, కింద పాత చీర పరిచింది. అయినా లాకు కనబడలేదు. ఇంజనులో పడి ఉంటే కథ అక్కడికి సరి. ఆవిడ ముఖం పాలిపోయింది. పారినాయుడు నోరు తెరిస్తే తిట్లే వస్తాయని నేను అనుకున్నాను. ఆయన నా కొసను ఒక్కసారి నిమిరి, "కంగారొద్దు. మెల్లగా లేసి నిలబడు," అన్నాడు. ఆవిడ లేచింది. కుచ్చిళ్ళ మడతలోంచి లాకు జారి పరిచిన చీర మీద పడింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

పాత సీలు బయటికి వచ్చింది. పారినాయుడు రెండు వేళ్ళ మధ్య నొక్కితే ఎండిన ఉసిరి వక్కలా పుటుక్కున విరిగింది. గౌరీశ్వరి కొనుక్కొచ్చిన కొత్తది మెత్తగా ఉంది. దాని లోపల ఆయిలు రాసి, వాల్వు కాడ మీదకు బొటనవేళ్ళతో నెమ్మదిగా దించమన్నాడు. ఆవిడ దించింది. స్ప్రింగు పెట్టింది, లాకులు వేసింది. ఇలా ఒక్కొక్క వాల్వూ. ఒక సిలిండరు అయ్యాక నన్ను బయటికి లాగి పక్కదాంట్లో దింపేవాళ్ళు. మొదట ఆయన అన్నీ చెప్పాడు. చివరి సిలిండరు దగ్గరికి వచ్చేసరికి చెప్పడం మానేసి, నా కొస పట్టుకుని ఊరికే కూర్చున్నాడు. ఆవిడ చేస్తోంది, ఆయన చూస్తున్నాడు.

నేను బయటికి వచ్చేసరికి నా నీలం రంగు పోయింది. ఎంత ఉతికినా నలుపు వదల్లేదు. తెల్లబట్టలకు ఇక పనికిరాను. గౌరీశ్వరి నన్ను పారేయకుండా, ఆయన నడుముకు ఆసరాగా బండి సీటుకు దిండు కట్టడానికి వాడింది.

ఆదివారం పొద్దున స్టార్టు చేస్తే పొగ రాలేదు. కానీ అసలు పరీక్ష ఘాటు. దాలినాయుడు అప్పటికే ఫోను చేశాడు. ఘాటెక్కి దిగుతామని పారినాయుడు చెబితే అన్నాడు, "నాయుడు బావూ, ఘాటు కింద టీ కొట్టుకాడుంటాను. దిగినాక మాటాడుకుందాం."

పారినాయుడు వెనక్కి తిరిగి ఉండే సీటులో, నాతో కట్టిన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన వీపు రోడ్డుకీ డ్రైవరుకీ. ముఖం వెనక అద్దానికి. పొగ చూడటమే ఆయన పని. నడుము కదలకుండా ఉండాలని ఆవిడ గుంట గుంటనూ తప్పిస్తూ కొండెక్కింది. అనంతగిరిలో ఇద్దరూ టీ తాగారు. దిగడం మొదలైంది.

మొదటి మలుపుల్లో ఆయన ఊరుకోలేదు. రోడ్డు కనబడకపోయినా, "మూడో గేరెయ్యి. బ్రేకు మీద కాలుంచకు," అంటూనే ఉన్నాడు. ముందు సీటులో ఉన్నట్టు కుడికాలు నేలను తొక్కుతోంది. కొంత దిగాక ఒక చదునైన చోట ఆవిడ యాక్సిలేటరు తొక్కింది.

"పొగ?"

"నేదు."

ఇంకొంత దిగాక మళ్ళీ తొక్కింది.

"ఇపుడో?"

"నేదే. రోడ్డంతా తేటగున్నాది."

కాఫీ తోటలు వెనక్కి పోయాయి. ఆయన కాలు తొక్కడం మానింది. దిండు మీద బరువు పెరగడం నాకు తెలిసింది. ఇంకో మలుపు దగ్గర ఆవిడ అడిగింది, "బావా, పొగ?" జవాబు లేదు. "బావా?" అద్దంలోకి చూసింది. ఆయన తల దిండు మీదకు వాలిపోయి ఉంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

డ్రైవరన్నవాడు ఇంకొకరు నడిపే బండిలో కన్ను మూయడు. ఘాటు రోడ్డులో అసలే మూయడు. మంచాన పడ్డాక నొప్పితో ఈ మనిషి సరిగ్గా నిద్రపోగా నేను చూడలేదు. ఇప్పుడు కొండకు వీపు తిప్పి, ఆవిడ తిప్పే మలుపుల మీద ఊగుతూ, చిన్నగా గురక పెడుతున్నాడు.

గౌరీశ్వరి ఇంక అడగలేదు. గేర్లు ఇంకా మెత్తగా మార్చింది. ఘాటు అయిపోయి చదును రోడ్డు వచ్చాక తనే అద్దంలో చూసుకుంటూ యాక్సిలేటరు తొక్కింది. వెనక రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ లేదు.

టీ కొట్టు ముందు దాలినాయుడు గ్లాసు కింద పెట్టి, రోడ్డు మీదికి వచ్చి చెయ్యి ఎత్తాడు. గౌరీశ్వరి అతన్ని చూసింది. అద్దంలోకి మరోసారి చూసింది. బండి ఆపలేదు. ఆపితే బావకు మెలకువ వచ్చేస్తుంది.